విశ్వం, విద్వాన్!

రాండప్పా, ఇట్లా గోడ మీదికి వంగండి. ఈ చెనక్కాయలు తింటా ఒక మాట వినండి. కళ్యాణదుర్గంలో మబ్బుల్ని చూస్తా కూర్చునేవాళ్ళకి కబుర్లకేం కొదవ?

నా ల్యాప్‌టాప్‌లో ఈబుక్కులు నాలుగొందల పైనే ఉన్నాయి. ఒకదాని పేరు ‘అన్‌టైటిల్డ్’, ఇంకోదాని పేరు ‘ఫైనల్ ఫైనల్’. రచయిత ఎవరంటే ‘అన్‌నోన్’. మీ దగ్గరా అంతేగదా? చెప్పండి, సిగ్గెందుకు?

ఒక్కోదాన్నీ తెరిచి మౌసుతో దిద్దుకుంటా కూర్చుంటే ముంగారు పోయి ఇంగారు వస్తుంది. ఈబుక్కులు సర్దిపెట్టే కాలిబర్ ఉందిగదా! 2006లో సోనీ రీడరు లినక్సుకి లొంగడంలేదని కోవిద్ గోయల్ పంతం పట్టి మొదలుపెట్టింది. అందరూ దాని ముందుగదిలో కూర్చుని లేచొస్తారు. అసలు సరుకంతా పెరట్లో ఉంది. టెర్మినల్ నల్లతెర తెరిచి ‘ఈబుక్-మెటా’ అని కొట్టి ఫైలు పేరివ్వండి. పుస్తకం జాతకమంతా చదివేస్తుంది. పక్కనే రెండు గీతలు గీసి ‘టైటిల్’ అని, కొత్త పేరు రాయండి. ఎంటరు కొట్టండి. నామకరణం అయిపోయినట్టే. పంతులుకి దక్షిణ కూడా మిగులు.

ఈపబ్ అంటే ఏమనుకున్నారు? వట్టి జిప్పు మూట. విప్పితే లోపల ఓపీఎఫ్ అని ఒక చీటీ. దాంట్లో ‘డీసీ టైటిల్’, ‘డీసీ క్రియేటర్’ అని వరసలు. డీసీ అంటే డబ్లిన్ కోర్. ఐర్లాండు డబ్లినే అనుకుని నేను చాన్నాళ్ళు గొప్పలు పోయినా. కాదు! అమెరికాలో, ఒహాయో డబ్లిన్. 1995లో లైబ్రరీవాళ్ళూ కంప్యూటరువాళ్ళూ అక్కడ కూర్చుని ఈ వరసలకి ముగ్గు పోశారు.

ఇక నా గొడవ వినండి. తెల్లోళ్ళకి ఇంటిపేరు తోక. మనకి తల. కాలిబర్‌కి ఆ సంగతి పట్టదు. పుస్తకం చేర్చుకోగానే వరసలో పెట్టడానికి ఆఖరి మాటని ముందుకి లాగి కామా కొడుతుంది. సింగమనేని నారాయణ ‘నారాయణ, సింగమనేని’ అయినాడు. సరే, ఓర్చుకున్నా. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ చేర్చినా. ‘విశ్వం, విద్వాన్’ అంట! తరిమెల మనిషి పేరుని పట్టుకుని ఇంటిపేరు చేసింది, బిరుదుని పేరు చేసింది. నవ్వాలా, ఏడవాలా?

మందుంది లెండి. ‘ఆథర్-సార్ట్’ అని రాసి మన వరసే ఇస్తే నోరు మూసుకుని వింటుంది. మళ్ళీ మళ్ళీ ఎందుకనుకుంటే కాలిబర్ ట్వీక్స్‌లో ‘కామా’ తీసి ‘కాపీ’ అని రాయండి. కొత్తగా వచ్చేవాళ్ళ తల తలగానే ఉంటుంది.

ఆ హుషారులో మొన్న రాత్రి ఒక్క లైనుతో ఫోల్డరంతా దిద్దుదామని లూపు రాసినా. వేమన పుస్తకాల ఫోల్డరు అనుకున్నా. ఒక మెట్టు పైన నిలబడి ఉన్నా. చర్రున తిరిగింది. టీ తాగి వచ్చేసరికి నాలుగొందల పుస్తకాలకీ కర్త వేమనే. ఆవకాయ పట్టే పుస్తకానికి కూడా.

బ్యాకప్ తీసినావా అని మాత్రం అడగొద్దు. ఇంకో దోసెడు చెనక్కాయలు తీసుకోండి.