ఔన్సుకు ఎన్ని గింజలు

2025 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. జమ్మలమడుగు వైపు పల్లెల నుంచి పదకొండు మంది పప్పుశనగ రైతులు తూఫాన్ బండి మాట్లాడుకుని నంద్యాల పరిశోధనా స్థానానికి బయల్దేరితే నేనూ ఎక్కాను. నొస్సం, కోవెలకుంట్ల మీదుగా దారి. రెండు వైపులా నల్లరేగడి, కనుచూపు మేరా శనగే. కొన్ని చేలు అప్పటికే పసుపు తిరిగాయి. బండిలో ఒకరి ఒడిలో చిన్న గుడ్డ సంచి, అందులో తెల్ల శనగలు. "ఇవి మంచి డాలరా కాదా, పెద్దసారుతోనే తేల్పిస్తా" అంటున్నాడాయన.

కాబూలీ శనగను మన వైపు డాలర్ శనగ అంటారు. పైదేశాలకు పోయే సరుకని ఆ పేరు.

నంద్యాల ఫారం 1906 నాటిది. నరసింహ పత్తి, నంద్యాల సన్నాలు ఇక్కడే పుట్టాయి. మేం మాత్రం నేరుగా శనగ మళ్ళ దగ్గరికే నడిచాం. మడి మడికీ ఒక రేకు, రేకు మీద ఒక నంబరు. ఎన్‌బీఈజీ-47 దగ్గర అందరూ ఆగిపోయారు. ఎన్‌బీఈజీ అంటే నంద్యాల శనగ అని గుర్తు. 47కు ధీర అని పేరు కూడా పెట్టారు. చెట్టు పైకి నిటారుగా లేచింది, కాయ నేలకు దూరంగా ఉంది.

"మిషన్ కోతకు చేసింది ఇదే" అన్నాడు శాస్త్రవేత్త. ఇన్నాళ్ళూ వేస్తున్న జేజీ-11 రకం పొట్టిది, గుబురుగా పరుచుకుంటుంది. మిషన్ కత్తి పై నుంచి పోతే కింది కాయ చేలోనే మిగిలిపోతుంది.

ఒకాయన వంగి, కింది కాయకూ నేలకూ మధ్య జానతో కొలిచాడు. "మనుషులు యాడ దొరుకుతాండారు సార్? దొరికినా, ఆ పులుసుకు చేతులు మండుతాయని ఆడోళ్ళు రామంటాండారు" అన్నాడు. శనగ ఆకు మీద ఊరే పులుసు సంగతి అది. ఒకప్పుడు మంచు పొద్దున చేను మీద గుడ్డ పరిచి, పిండి, కడుపునొప్పికి సీసాలో దాచేవాళ్ళు. ఇప్పుడది కూలి రేటు పెంచే సాకు. సాకు అనడం కూడా తప్పే. ఆ చేతులు చూసినవాళ్ళెవరూ అలా అనరు.

జేజీ-11ను మాత్రం ఎవరూ తీసిపారేయలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి చేసిన రకం, 1999లో విడుదలైంది. అంతకుముందు కర్ణాటక నుంచి వచ్చిన అన్నిగేరి వేసేవాళ్ళం. శనగ చలి కోరే పంట, మన చలికాలమేమో పొట్టిది. ఎండలు ముదిరేలోగా, సుమారు వంద రోజుల్లో చేతికొచ్చి, ఎండు తెగులుకు తట్టుకునే గింజ దొరికేసరికి కర్నూలు, ప్రకాశం, కడప రేగళ్ళ తలరాతే మారింది. తెగులును తట్టుకునే రకాన్ని ఎట్లా పట్టుకుంటారని అడిగితే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి నాకు భలే నచ్చింది. మట్టిలో తెగులును కావాలనే పెంచి ఉంచిన మడిలో విత్తుతారు. చచ్చింది చావగా మిగిలిందే విత్తనం.

మధ్యాహ్నం గుడ్డ సంచి విప్పారు. చెన్నై రేవుకు సరుకు పంపే ఒక వ్యాపారి మాటల మధ్యలో, "పైదేశాల్లో కాబూలీని ఔన్సుకు ఎన్ని గింజలని అడుగుతారు" అన్నాడు. ఔన్సంటే 28 గ్రాములు పైచిలుకు. విత్తనాలు తూచే చిన్న కాటా తెచ్చి, అంత బరువు తూచి, బల్ల మీద పోసి లెక్కపెట్టాం. ముగ్గురు లెక్కపెడితే మూడు లెక్కలొచ్చాయి. నాలుగోసారి 76 దగ్గర నిలిచింది. అది కాక్-2 రకం.

"మెక్సికో గింజ 42, 44కే ఔన్సు తూగుతుంది. ఒక్కోటి 12 మిల్లీమీటర్లు" అన్నాడు వ్యాపారి.

సంచి ఆయన మొహం చిన్నబోయింది. "అంటే నాది డాలర్ కాదా?"

"డాలరే పెద్దయ్యా. చిన్న డాలర్."

అందరూ నవ్వారు, ఆయన కూడా. గింజలన్నీ ఒక్కొక్కటే ఏరి మళ్ళీ సంచిలో వేసుకున్నాడు.

తర్వాత ధర మాట వచ్చింది, నవ్వులు ఆగిపోయాయి. ఆ సీజన్‌కు మద్దతు ధర క్వింటాకు 5,650 రూపాయలు. పదేళ్ళ కిందట ధర పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు పేర్చి, వాటి మీద బ్యాంకు అప్పు తెచ్చి, చివరికి బాడుగకూ వడ్డీకీ చాలక మునిగినవాళ్ళు ఆ గదిలోనే నలుగురున్నారు. ఈసారి దాచాలా, అమ్మాలా? శాస్త్రవేత్త చేతులు కట్టుకుని వ్యాపారి వైపు చూశాడు.

వ్యాపారి చెప్పిన వరస ఇది. 2018 మార్చిలో ఎర్ర శనగ దిగుమతి మీద సుంకం 60 శాతానికి ఎక్కింది. మనకోసమే శనగ పండించే ఆస్ట్రేలియా రైతు దెబ్బతిన్నాడు. 2023 డిసెంబర్‌లో పసుపు బఠాణీకి సుంకం తీసేశారు. కెనడా నుంచి, రష్యా నుంచి వచ్చిన ఆ బఠాణీ శనగపిండిలో కలుస్తుంది. 2024 మేలో శనగ మీది సుంకం కూడా ఎత్తేశారు. ఆస్ట్రేలియా మళ్ళీ విత్తింది, కోసింది, ఓడలకెక్కించింది.

"అంటే, మా చేను కోతకొచ్చేటప్పటికి వాళ్ళ గింజ రేవులో ఉంటాదన్నమాట" అన్నాడు జానతో కొలిచినాయన.

వాన, తెగులు, పురుగు, విత్తనం అన్నీ తెలిసిన మనిషి. ఢిల్లీలో రాత్రికి రాత్రి మారే కాగితాన్ని ఏ జానతో కొలవాలో ఎవరూ ఆయనకు చెప్పలేకపోయారు. పరిశోధనా స్థానాల్లో రకాల పక్కన సుంకాల పట్టిక కూడా ఒక రేకు మీద రాసి పాతితే బాగుండునని నాకనిపించింది. అది వాళ్ళ పని కాదంటారు. మరి ఎవరి పని?

తిరుగు ప్రయాణంలో ఇద్దరు ధీర విత్తనం చీటీ జేబులో పెట్టుకున్నారు. కోవెలకుంట్లలో టీకి ఆగినప్పుడు సంచి ఆయన నాలుగు గింజలు నా చేతిలో పోశాడు. "నానబెట్టి తిను నాయనా, చిన్న డాలరైనా రుచి తగ్గదు."

ఏప్రిల్ 1న శనగ దిగుమతి మీద మళ్ళీ 10 శాతం సుంకం వేశారు. సంచి ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

"సంతోషమే నాయనా. మాది మార్చిలోనే కాటా అయిపాయ."