31వ గడి

ఫేర్‌వెల్‌కి మా సెక్షన్ ఫొటోలన్నీ కలిపి ఒక పెద్ద ప్రింట్ తీయించి డిపార్ట్‌మెంట్ గోడకి తగిలిద్దాం అనుకున్నాం. డిజైన్ పని నా మెడకి పడింది. కోడింగ్ వచ్చినవాడికి ఫొటోషాప్ కూడా వచ్చే ఉంటుందని జనం నమ్మకం!

షీటు 12 అంగుళాలు బై 18. అంగుళానికి 300 పిక్సెళ్లు వేసుకుంటే 3600 బై 5400. మేం 53 మందిమి. అడ్డంగా 6, నిలువుగా 9 పెడితే 54 గళ్లు, ఒక్కోటీ సరిగ్గా 600 పిక్సెళ్ల చదరం. ఆ 'సరిగ్గా' అన్నదే ముఖ్యం. అడ్డంగా 7 పెట్టామనుకోండి, 3600ని 7తో భాగిస్తే 514 పోగా ఇంకా ముక్క మిగులుతుంది. సగం పిక్సెల్ అంటూ ఉండదు కదా, ఆ ముక్కల దగ్గరే ఫొటోల మధ్య సన్నటి తెల్ల గీతలు తేలతాయి. ఇమేజ్‌మ్యాజిక్‌లో మాంటేజ్ కమాండ్ ఒక్క లైన్లో గ్రిడ్ కట్టేస్తుంది గానీ, మధ్య ఖాళీ సున్నా అని చెప్పకపోతే తనంతట తనే కాస్త జాగా వదిలేస్తుంది.

లెక్క తేలికే, మనుషులతోనే కష్టం. డాక్యుమెంట్‌గా పంపండ్రా, లేకపోతే వాట్సాప్ కుదించేస్తుంది అని గ్రూపులో ఎన్నిసార్లు మొత్తుకున్నానో! ఒకడైతే పెళ్లి ఫొటోలోంచి పక్కవాళ్ల భుజంతో సహా కత్తిరించి పంపాడు. అందరి కళ్లూ ఒకే ఎత్తులో వచ్చేలా సర్దడానికి రెండు రాత్రులు పట్టింది. మధ్యలో గీతలుండవు కాబట్టి తమాషాలు కూడా జరుగుతాయి. తెల్లగోడ ముందు దిగిన ఇద్దరు పక్కపక్కన పడితే గోడలు కలిసిపోయి, ఒకే ఫొటో దిగినట్టుంటారు. సెకండియర్ నుంచీ మాటల్లేని ఇద్దరు మాలో అలా భుజం భుజం ఆనించుకుని వచ్చారు. నేను కదపలేదు. రోల్ నంబర్ల వరస మరి!

ఇక మిగిలిన గడి. కాలేజీ లోగో పెట్టమన్నాడు సీఆర్. నాకేమో 31 గుర్తొచ్చాడు. మా అటెండెన్స్‌లో 30 తర్వాత 32 పిలుస్తారు. 31, వాళ్ల నాన్న పోయాక, సెకండ్ సెమ్ అవగానే కౌలు పొలం చూసుకోవడానికి పాలకొల్లు దగ్గర వాళ్ల ఊరెళ్లిపోయాడు. మాకు ఇంజనీరింగ్ డ్రాయింగ్ నేర్పింది వాడే. నా ఐసోమెట్రిక్ షీట్లలో సగం గీతలు వాడివే.

"డిగ్రీ లేనివాణ్ని డిపార్ట్‌మెంట్ గోడ మీద ఎలా పెడతాం?" అన్నారు. అది సర్టిఫికెట్ కాదు, ఫొటో అన్నాను. గ్రూపులో గంటసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకమ్మాయి, "వాడి డ్రాఫ్టర్ ఇంకా నా దగ్గరే ఉంది, పెట్టు" అని మెసేజ్ చేసింది.

ఫోన్ చేస్తే నవ్వాడు. "నాదెందుకురా, మీ బ్యాచ్ కదా."

"మీ బ్యాచ్ ఏంట్రా? పంపు."

పంపాడు. 480 పిక్సెళ్లు. 600కి సాగదీస్తే మొహం మసకబారుతుంది. మళ్లీ అడిగాను. ఈసారి డాక్యుమెంట్‌గా వచ్చింది. తలకి తువ్వాలు, వెనకంతా కోతకొచ్చిన చేను, పసుప్పచ్చగా.

వాణ్ని పెట్టాక ఎవరి నంబరు గడిలో వాళ్లు పడ్డారు. అయితే 31 అంటే ఆరో వరసలో మొదటి గడి, ఎడమ అంచు. ప్రెస్‌లో కట్టర్ ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ పోయినా మొహం తెగకూడదని అంచు గళ్లన్నిటికీ బయటివైపు 3 మిల్లీమీటర్లు, అంటే 36 పిక్సెళ్లు, ఎక్కువ ఉంచాను. వాడి వైపు చేను ఇంకాస్త సాగింది.

ప్రెస్ అతను ఫైల్ తెరిచి చూసి అడిగాడు: "ఈ పసుపుది ఒక్కటే తేడాగా ఉంది తమ్ముడూ, బ్యాక్‌గ్రౌండ్ మార్చేయనా?"

వద్దన్నా, అలాగే వేసెయ్ అన్నాను. శనివారం ఇస్తానన్నాడు. వాడు ఫేర్‌వెల్‌కి వస్తాడో రాడో, దాళ్వా కోతలున్నాయట.