పగడాల ఊరికి వెళ్లొచ్చాం

నాకు ఈత రాదు. నీళ్లంటే భయం కూడా. చిన్నప్పుడు ఉప్పల్ నల్లచెరువు గట్టు మీద ఆడుకుంటూ జారి నీళ్లలో పడ్డాను. అక్కడ బట్టలుతుకుతున్న ఓ పెద్దమ్మ జుట్టు పట్టుకుని బయటికి లాగబట్టి బతికాను. ఆ తరవాత దాదాపు నలభై ఏళ్లు ఏ నీళ్లలోనూ మోకాళ్లు దాటి దిగలేదు. వైజాగ్ వెళ్లినా, సూర్యలంక వెళ్లినా గట్టున కూర్చుని అందరి చెప్పులకీ కాపలా కాసేది నేనే. అలాంటిది 2024 వేసవి సెలవులకి ‘అండమాన్ వెళ్దాం, సముద్రంలో దిగి పగడాలు చూద్దాం’ అని పిల్లలిద్దరూ పట్టుబట్టారు. మావారు వాళ్ల పక్షమే. ఇక నా మాట ఎవరు వింటారు!

నాచారంలో మా ఇంటి నుంచి బయల్దేరుతుంటే అత్తమ్మ నా చేతికి మొక్కు దారం కట్టింది. ‘నీళ్లతోని ఆటలాడకుండ్రి, పిల్లలు పైలం’ అని పదిసార్లు చెప్పింది. ఆఖర్న మెల్లగా, ‘పగడాలు ఆడనే పుడతయట గదా. ఒక మంచిది తే బిడ్డా, దండల గుచ్చిపిచ్చుకుంట’ అంది. సరేనన్నాను.

చెన్నై మీదుగా విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరుకున్నాం. (అదే ఏడాది సెప్టెంబరులో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది.) ఊళ్లో అడుగడుగునా తెలుగు మాటలు వినబడుతుంటే ఆశ్చర్యపోయాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వందమందిలో పదమూడు మంది మాతృభాష తెలుగేనట. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడినవారే ఎక్కువ. మొదటిరోజు సెల్యులర్ జైలు చూసి, మర్నాడు పొద్దున్నే ఓడెక్కి రెండు గంటల్లో హేవ్‌లాక్ దీవిలో దిగాం. 2018 డిసెంబరు నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్.

అక్కడి నుంచి మరబోటులో ఎలిఫెంట్ బీచ్‌కి తీసుకెళ్లారు. దట్టమైన అడవి అంచున చిన్న ఇసుక తీరం. ఒడ్డు పక్కన నీళ్లు గాజులా ఉన్నాయి. కాస్త దూరం నుంచి ఆకుపచ్చ, ఆపైన ముదురు నీలం. మా గైడ్ కుర్రాడి తాతముత్తాతలది శ్రీకాకుళం జిల్లా. పుట్టి పెరిగింది దీవిలోనే అయినా ఆ యాస పోలేదు. కళ్లకీ ముక్కుకీ కలిపి అద్దం తగిలించి, నోట్లో గొట్టం పెట్టాడు. ‘నోటితో గాలి పీల్చండక్కా, ముఖం నీళ్లలో పెట్టి కిందకి చూడండి, అంతే. ఈత రాకపోయినా పర్వాలేదు’ అన్నాడు. దీన్నే స్నోర్కెలింగ్ అంటారు. గాలి నింపిన రింగు పట్టుకుంటే అతనే లాక్కెళ్తాడు.

ముఖం నీళ్లలో పెట్టగానే భయం సగం పోయింది. కింద ఒక ఊరే ఉంది! జింక కొమ్ముల్లాంటివి, పుట్టగొడుగుల్లాంటివి, మనిషి మెదడులా మడతలు పడ్డవి... గోధుమ, ఊదా, ఆకుపచ్చ రంగుల్లో పగడాలు. వాటి మధ్య పసుపు, నలుపు చారల చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. పిల్లలు సినిమాలో చూసిన ‘నీమో’ చేప పూల గుత్తిలాంటి జీవిలోంచి తల బయటపెట్టి మమ్మల్ని చూసి మళ్లీ దూరిపోయింది. చిలుక ముక్కు చేప ఒకటి పగడపు రాయిని కొరుకుతుంటే టకటకమని చప్పుడు కూడా వినిపించింది. అది తిన్న రాయి కడుపులో నలిగి తెల్లటి ఇసుకగా బయటికొస్తుందట. మేం నడిచొచ్చిన ఆ ఇసుక తీరంలో దాని కష్టం కూడా ఉందన్నమాట!

అంతలో గొట్టంలోకి నీళ్లొచ్చాయి. ఉప్పునీళ్లు గొంతులో పడేసరికి నల్లచెరువే గుర్తొచ్చింది. కాళ్లు కిందకి వదిలేసి, ఏదో రాయి తగిలితే దాని మీద నిలబడిపోయాను. ‘అక్కా, కాలు తీసెయ్యండి! అది రాయి కాదు, దానికి ప్రాణముంది’ అని గైడ్ అరిచి నన్ను పైకి లాగేశాడు. ఒడ్డుకొచ్చాక మెల్లగా చెప్పాడు. ఆ గుండ్రటి పగడం ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరే పెరుగుతుందట. ‘అంత పెద్ద గోళెమంతయ్యిందంటే మీకన్నా పెద్దదే అయ్యుంటాదక్కా’ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నన్ను నేను కాపాడుకుందామని నాకంటే పెద్దదాన్ని తొక్కాను.

పగడం చెట్టూ కాదు, రాయీ కాదు. గోరంత కూడా ఉండని మెత్తటి జీవులు వేలకొద్దీ కలిసి, సముద్రంలోని సున్నంతో కట్టుకునే ఇల్లు అది. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. ఎండతో ఆ నాచు వండే ఆహారమే పగడానికి ముఖ్యమైన తిండి, పగడానికి ఆ రంగులూ ఎక్కువగా దానివల్లే. అందుకే వెలుగు దూరే తేట నీళ్లు కావాలి. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రూ మంచినీళ్లూ కలిసే మన తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి ముఖ్య కారణం అదే. సముద్రపు అడుగులో నూటికి ఒక వంతు కూడా లేని ఈ దిబ్బల్లోనే సముద్రజీవుల రకాల్లో పాతిక శాతం దాకా తలదాచుకుంటాయి.

మర్నాడు స్కూబా డైవింగ్. నేను బోటులోనే కూర్చుంటానన్నాను. మా అమ్మాయి ‘అమ్మా, ఇంతదూరం వచ్చి మళ్లీ చెప్పులకి కాపలానా?’ అంది. ఆ మాట తగిలింది. ఆరోగ్యం గురించి రాసిన కాగితం మీద సంతకం పెట్టి, రబ్బరు సూటు వేసుకున్నాను. వీపున గాలి సిలిండరు, నడుముకి సీసం బరువులు. మనిషికో శిక్షకుడు. నీళ్ల కింద మాట్లాడలేం కదా, అందుకే సైగలు నేర్పారు. బొటనవేలు పైకి చూపితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి తీసుకెళ్లు’ అని! కిందికి దిగుతున్నకొద్దీ నీటి ఒత్తిడికి చెవులు నొప్పెడతాయి. ముక్కు మూసుకుని గాలి ఊదితే సర్దుకుంటాయి.

మొదటి రెండు నిమిషాలూ ‘పైకి’ అని సైగ చేద్దామా అనే ఆలోచనే. తరవాత నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. పది మీటర్లకి కాస్త తక్కువ లోతు. చేతి వంక చూసుకుంటే అత్తమ్మ కట్టిన ఎర్రదారం బూడిదరంగులో ఉంది. నీళ్లలో అన్నింటికంటే ముందు మాయమయ్యేది ఎరుపే!

అక్కడే ఒకచోట పాలరాతితో చెక్కినట్టు తెల్లగా మెరుస్తున్న పగడాలు కనిపించాయి. పైకొచ్చాక మా బాబు ‘అన్నింట్లోకీ ఆ తెల్లవే బాగున్నాయి’ అన్నాడు. శిక్షకుడు నవ్వలేదు. ‘వాటికి జ్వరం వచ్చింది బాబూ’ అన్నాడు. నీళ్లు మామూలు వేసవికంటే ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తనలోని నాచుని బయటికి నెట్టేస్తుందట. రంగు పోయి లోపలి సున్నం తెల్లగా కనబడుతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేదంటే తిండిలేక చచ్చిపోతుంది. అండమాన్‌లో 2010లోనూ 2016లోనూ ఇలాగే జరిగింది. మేం వెళ్లిన 2024 ఏప్రిల్‌లోనే, ప్రపంచమంతటా పగడాలు తెల్లబడటం ఇది నాలుగోసారి అని శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ఇంకో సంగతి విని మేం నోరెళ్లబెట్టాం. ఏ దీవి దగ్గర నీళ్లు వేడెక్కాయో, ఎక్కడి పగడాలకి ముప్పుందో ఉపగ్రహాల లెక్కలు చూసి హెచ్చరించేది మన హైదరాబాద్ నుంచే! ప్రగతినగర్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) ఈ పని చేస్తోంది. సముద్రమే లేని మన ఊళ్లో కూర్చుని సముద్రపు జ్వరం చూస్తున్నారన్నమాట.

ఇంటికి రాగానే అత్తమ్మ అడిగింది, ‘పగడం తెచ్చినవా?’ అని. పగడపు ముక్క తెచ్చినా వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని చెప్పాను. నగల్లో వాడే ఎర్ర పగడం వేరే రకమనీ, మధ్యధరా సముద్రంలో దొరికే దాన్ని రెండువేల ఏళ్ల కిందటే ఓడల్లో మన దేశానికి తెచ్చేవారనీ చెప్పాను. అయితే అదీ ప్రాణులు కట్టుకున్నదే. ఆమె తన పుస్తెలతాడులోని రెండు పగడాల్నీ వేళ్లతో తడుముకుంటూ చాలాసేపు ఊరుకుంది. ‘అయితే ఇయ్యి గూడ పానమున్నయేనా!’ అంది. మళ్లీ పగడం మాట ఎత్తలేదు.

నేను మాత్రం ఆడవాళ్ల బ్యాచ్‌లో ఈత నేర్చుకున్నాను. నీళ్లలో తేలడం వస్తే ఇంకోసారి ఏ పగడం మీదా కాలు పెట్టక్కర్లేదు కదా!

మీరూ వెళ్లాలనుకుంటే... నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. పదేళ్లు నిండిన పిల్లల్ని డైవింగ్‌కి తీసుకెళ్తారు. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారు ముందే డాక్టర్ని అడగాలి. డైవింగ్ చేశాక ఒక రోజు గడిచేదాకా విమానం ఎక్కకూడదు. ఎండకి క్రీముల కన్నా పొడుగు చేతుల చొక్కా మేలు, ఆ క్రీముల్లో కొన్ని పగడాలకి హాని చేస్తాయి. అన్నింటికంటే ముఖ్యం: కళ్లారా చూడండి, కాలు మాత్రం మోపకండి.