పదిహేడు అంగుళాల రింగులు, నరసరావుపేట రోడ్డు

ముందే చెప్పేస్తున్నా, ఈ టపాలో సాఫ్ట్‌వేర్ లేదు. ఒక కారుంది, దాని స్ప్రింగులున్నాయి, మా నాన్న నడుముంది. ఇష్టమున్నవాళ్ళు చదవండి.

2020 చివర్లో పోలో జీటీ టీఎస్ఐ కొన్నాను. ఒక లీటరు టర్బో ఇంజను, మూడే సిలిండర్లు, 110 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్కు. 2022లో మన దేశంలో పోలో అమ్మకం ఆపేశారు కాబట్టి, ఇప్పుడు దాన్ని రోడ్డు మీద చూస్తే మనవాళ్ళు "అయ్యో" అంటారు, నాకు లోపల గర్వంగా ఉంటుంది. అది వేరే సంగతి.

కొన్న మూడు నెలలకే పురుగు తొలిచింది. చక్రానికీ ఫెండరుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు కనిపిస్తే నిద్ర పట్టని జబ్బొకటి ఉంది, మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 2021 మార్చిలో హైదరాబాదులో 35 మి.మీ. కిందికి దించే స్ప్రింగులు వేయించాను. కంపెనీ వాటికంటే 30 శాతం గట్టివని అమ్మినతను చెప్పాడు. షాకబ్జర్లు మాత్రం పాతవే ఉంచేశాను, డబ్బులు అయిపోయాయి కాబట్టి. 16 అంగుళాల రింగులు తీసేసి 17వి, వాటి మీద 205/45 టైర్లు. మొత్తం లక్ష దాటింది. ఇంట్లో పాతికవేలని చెప్పాను.

అవుటర్ రింగ్ రోడ్డు మీద తోలితే, ఆహా! మలుపులో కారు వాలదు, స్టీరింగ్ ఇలా అంటే అలా తిరుగుతుంది. నేను బ్రహ్మాండంగా ఎంచుకున్నానని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. స్టేజింగులో పాసైన బిల్డు ప్రొడక్షన్లో కూడా పాసవుతుందని నమ్మే ఫ్రెషర్లని చూసి నవ్వుతుంటాం కదా, అదే పని నేను చేశాను.

ఏప్రిల్లో కరోనా సెకండ్ వేవ్. ల్యాప్‌టాప్ పట్టుకుని చిలకలూరిపేట వచ్చేశాను, వర్క్ ఫ్రం హోం.

మా నాన్న పాతికేళ్ళు లారీ తోలాడు. ప్రత్తి బేళ్ళు, పొగాకు, సిమెంటు, ఏది దొరికితే అది. పేటలో లారీతో సంబంధం లేని ఇల్లు వెతుక్కోవాలి లెండి. కారు చూడగానే ముందు చక్రాన్ని కాలితో ఒకసారి తన్నాడు. "టైరు ఏదిరా? రింగుకి రిబ్బను చుట్టినట్టుందే" అన్నాడు. పాతకాలం మనిషి అనుకున్నా.

జులైలో నాన్నకి నడుంలో డిస్కు జారింది. కాలు దాకా లాగేది. ఆగస్టులో ఒకరోజు నొప్పి ఎక్కువైతే నరసరావుపేటలో డాక్టరు దగ్గరికి బయల్దేరాం. పేట నుంచి ఇరవై కిలోమీటర్లు. ముందు సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టాను. యాభై అరవై మధ్యే తోలుతున్నాను, గుంతలు తప్పిస్తున్నాను, అయినా ప్రతి ఎత్తుపల్లానికీ ఆయన పళ్ళు బిగిస్తున్నాడు. కోటప్పకొండ ఇంకా రాకముందే "ఆపరా అబ్బాయ్" అన్నాడు.

ఆపాను. తలుపు పట్టుకుని మెల్లగా దిగి నిలబడ్డాడు. చెమటలు. "మెల్లగా పోయినా కొడతందిరా ఇది. బాబాయికి ఫోన్ చెయ్" అన్నాడు.

బాబాయి తన పదేళ్ళ నాటి ఇండికా వేసుకొచ్చాడు. చిన్న రింగు, పొడుగు టైరు, మెత్తటి స్ప్రింగు. నాన్న అందులో పడుకుని వెళ్ళాడు. వెనకాల నేను, నా టర్బో ఇంజనుతో, ఖాళీ కారులో. పది కిలోమీటర్లు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ అప్రైజల్ మీటింగులోనూ అంత చిన్నబోలేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఇంజనీరింగులో చదివిన వైబ్రేషన్స్ సబ్జెక్టు పదిహేనేళ్ళ తర్వాత పనికొచ్చింది.

మాది నల్లరేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది. దాని మీద వేసిన తారు కూడా దానితోపాటే లేస్తుంది, కుంగుతుంది. రోడ్డు అంచుల్లో తడి మారినంతగా మధ్యలో మారదు, కాబట్టి అంచులు ఎక్కువ కదులుతాయి. ఏడాది తిరిగేసరికి రోడ్డుకి అలలు వస్తాయి. గుంతని తప్పించవచ్చు, అలని ఎలా తప్పిస్తారు?

కారు స్ప్రింగుకి ఒక సహజమైన ఊపు ఉంటుంది. మామూలు కార్లలో సెకనుకి ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు. నా కారుది 1.45 అనుకుందాం. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే అది 1.65 అవుతుంది (1.3 కి వర్గమూలం కట్టి గుణించండి). ఇప్పుడు రోడ్డు మీద అలకీ అలకీ మధ్య పది మీటర్లు ఉంటే, సెకనుకి పదహారున్నర మీటర్ల వేగంలో, అంటే గంటకి 59 కిలోమీటర్ల దగ్గర, రోడ్డు ఊపు, కారు ఊపు కలిసిపోతాయి. ఉయ్యాలని సరిగ్గా సమయానికి తోస్తున్నట్టు. నేను జాగ్రత్త అనుకుని తోలిన వేగం అదే!

కంపెనీ స్ప్రింగులకీ 52 దగ్గర ఈ గండం ఉంది. కానీ వాటి బలానికి తగ్గ షాకబ్జర్ వాటికి ఉంది. స్ప్రింగు శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది, షాకబ్జర్ దాన్ని వేడిగా మార్చి పారేస్తుంది. శివరాత్రికి కోటప్పకొండకి వెళ్ళే ప్రభలు చూశారా? అంత ఎత్తు ప్రభ ఊగిపోకుండా చుట్టూ మోకులు పట్టుకుని నడుస్తారు. షాకబ్జర్ పని అదే. నేను ప్రభ మార్చాను, మోకులు పట్టేవాళ్ళని మార్చలేదు.

పైగా 35 మి.మీ. దించడమంటే, చక్రం పైకి రావడానికి ఉన్న చోటులో అంత తగ్గించడమే. అల పెద్దదైతే సస్పెన్షన్ చివరిదాకా వచ్చి రబ్బరు ముక్కకి కొట్టుకుంటుంది. అప్పుడిక స్ప్రింగు లేనట్టే. నాన్న పళ్ళు బిగించింది అక్కడే. కూర్చున్న మనిషి వెన్నుకి సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే కుదుపు అన్నిటికంటే ఎక్కువ తెలుస్తుందట. నేను సరిగ్గా అలాంటి కుదుపుల్నే ఆయనకి అందించాను.

ఇదంతా నాన్నకి చెప్తే, మంచం మీద నుంచి లేవకుండానే "ఖాళీ లారీ ఎందుకు ఎగురుద్దో తెలుసా?" అన్నాడు. కమాన్ కట్టలు నిండు లోడుకి కట్టినవి. లోడు దించేస్తే అవే కట్టలు రాయిలా ఉంటాయి. "నువ్వు లారీ కట్టలేసి ఖాళీగా తిప్పుతున్నావు" అన్నాడు. నా వర్గమూలం మొత్తం ఆ ఒక్క ముక్కలో ఉంది.

పాత స్ప్రింగులు అమ్మ మేడ మీద గోతంలో భద్రంగా దాచింది. పాతికవేల అబద్ధం అప్పటికే పట్టేసింది కూడా. గుంటూరులో వాటిని మళ్ళీ వేయించి, కొత్త కంపెనీ షాకబ్జర్లు కొన్నాను.

టైర్ల దగ్గర మాత్రం వారం ఆలోచించాను. కంపెనీ సైజు 195/55 ఆర్ 16. రెండో అంకె వెడల్పులో శాతం, అంటే టైరు పక్కగోడ 107 మి.మీ. నేను వేసుకున్న 205/45 ఆర్ 17 కి 92. పోయిన 15 మి.మీ. రబ్బరు కాదు, గాలి. అందులో ఒక టైరు పక్కన అప్పటికే నిమ్మకాయంత బుడిపె వచ్చింది. గుంత అంచుకీ రింగుకీ మధ్య పక్కగోడ నలిగి లోపలి దారాలు తెగితే అలా వస్తుంది. దానికి అతుకు లేదు, మార్చాల్సిందే.

చివరికి వెనక్కి నడిచాను. 195/60 ఆర్ 15. పక్కగోడ 117 మి.మీ. చక్రం మొత్తం వ్యాసం 621 నుంచి 615 కి తగ్గుతుంది, స్పీడోమీటరులో ఒక్క శాతం తేడా. బరువు సూచిక 88, అంటే టైరుకి 560 కిలోలు, కంపెనీ టైరు 87 కంటే ఒక మెట్టు ఎక్కువే. కంపెనీ పుస్తకంలో లేని సైజు కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే రాసి పంపాను. 2019లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బండిలో మార్పులతో ఆటలు వద్దు.

వెడల్పు పెంచలేదేం అని అడగొచ్చు, టర్బో కదా అని. 175 న్యూటన్ మీటర్లు తక్కువ ఆర్పీఎంలోనే ఒక్కసారిగా ముందు చక్రాల మీద పడతాయి, నిజమే. కానీ తొలకరిలో ట్రాక్టర్లు పొలాల్లోంచి రేగడి మట్టి రోడ్డెక్కిస్తే, దాని మీద పది మి.మీ. వెడల్పు ఏం చేస్తుంది? తడిలో పట్టుండే మంచి రబ్బరు కావాలి. డబ్బులు అక్కడ పెట్టండి. కొనేటప్పుడు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడండి, 2321 అంటే 2021లో 23వ వారం. నాకు మొదట రెండేళ్ళ నాటి టైర్లు తెచ్చి పెట్టారు, వెనక్కి పంపాను.

అక్టోబరులో నాన్నని మళ్ళీ డాక్టరుకి చూపించాలి. బాబాయికి ఫోన్ చేయనా అని అడిగాను. చెప్పులు వేసుకుని వచ్చి, ముందు చక్రాన్ని కాలితో ఒకసారి తన్ని, ఎక్కి కూర్చున్నాడు. కోటప్పకొండ దగ్గర ఏదో అడుగుదామని పక్కకి చూస్తే నిద్రపోతున్నాడు. కారు మలుపుల్లో ఇప్పుడు కాస్త వాలుతుంది. వాలనీ.

అన్నట్టు, 17 అంగుళాల రింగులు నాలుగు అమ్మకానికున్నాయి. అయిదు బోల్టులు, 100 మి.మీ. పీసీడీ, మూడు టైర్లు ఉచితం (నాలుగోది బుడిపె వచ్చింది). కొనాలనుకునేవారు ముందు మీ ఊరి రోడ్డు ఏదో చెప్పాలి :)