స్టాఫ్ రూమ్ నుంచి – 9: మన పద్దు మన చేతిలో

ఒకే వారంలో ఇద్దరు లెక్చరర్లు ఒకే పని మర్చిపోయారు. ఇంటర్నల్ మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన చివరి తేదీ దాటిపోయింది. మొదటాయన గురించి స్టాఫ్ రూమ్‌లో వినపడిన మాట: "పాపం, మనిషి ఒక్కడు, నెత్తిమీద నాలుగు పనులు." రెండో ఆయన గురించి, ఆయన బయటికి వెళ్లాక వినపడిన మాట: "కోటాలో వచ్చినోళ్లతో ఇదే గొడవ."

ఏ కాలేజీ అని అడక్కండి. మీ కాలేజీయే అనుకోండి. మీ ఆఫీసే అనుకోండి.

ఇద్దరి మరపూ ఒకటే. ఒకరిది అలసట ఖాతాలో పడింది, ఇంకొకరిది కులం ఖాతాలో పడింది. పైగా అది ఆయన ఒక్కడితో ఆగదు. రేపు అదే కుర్చీలోకి వచ్చే మన పిల్ల, మన పిల్లాడు, పని మొదలుపెట్టకముందే ఆ బాకీతో కూర్చుంటారు.

పోయిన భాగంలో ఇంటర్వ్యూ బోర్డుల గురించి రాశాక తమ్ముళ్లూ చెల్లెళ్లూ చాలామంది ఇన్‌బాక్స్‌కి వచ్చారు. అందరిదీ దాదాపు ఒకే ప్రశ్న. "ఉద్యోగం వచ్చింది అన్నా. పనులు మీద పడిపోతున్నాయి. రోజూ ఏదో ఒకటి జారిపోతోంది. నువ్వెలా గుర్తుపెట్టుకుంటావ్?"

నేను గుర్తుపెట్టుకోను. రాసుకుంటాను. ఎందుకు రాసుకుంటానో ముందు చెప్తాను, ఎలా అన్నది తర్వాత.

మా నాయనమ్మకి అక్షరం రాదు. కూలికి వెళ్లొచ్చిన ప్రతి సాయంత్రం పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి గోడ మీద ఒక గీత గీసేది. పూట పనికి సగం గీత. ఆసామి ఇంట్లో పద్దు పుస్తకం ఉండేది. ఆమె గోడ మీద 23 గీతలుంటే ఆయన పుస్తకంలో 19 ఉండేవి. పుస్తకం గెలిచేది. క్రిస్మస్‌కి గోడలకి సున్నం కొట్టేవాళ్లు కాబట్టి ఆ లోపే లెక్క తేలాలని ఆమె తొందరపడేది. సున్నం పడితే సాక్ష్యం పోతుంది మరి. గడువు అంటే ఏమిటో మా ఇంట్లో మొదట తెలిసింది ఆమెకే.

ఊరి లెక్కలు కరణం దగ్గర ఉండేవి. కవిలె కట్టలు ఎవరి ఇంట్లో ఉంటే భూమి మీద మాట వాళ్లదే. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. పదవి పోయింది గానీ, రాసేవాడి మాటే నిజం అన్న అలవాటు పోలేదు. అది ఆఫీసుల్లోకీ యూనివర్సిటీల్లోకీ వచ్చి కూర్చుంది. తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తూ ఎన్నో గ్రంథాలయాలు తిరిగాను. ఎవరి లెక్క రాసి ఉంది, ఎవరి లెక్క గోడతో పాటు పోయింది అన్నది ప్రతి బీరువా ముందూ గుర్తొచ్చేది.

అందుకే నా దగ్గరున్న 200 పేజీల రూళ్ల నోట్‌బుక్కుని నేను టైమ్ మేనేజ్‌మెంట్ అనుకోను. అది మా ఇంటి పద్దు. ఈసారి మన చేతిలో ఉంది.

ఇప్పుడు పద్ధతి.

పుస్తకం ఒక్కటే. చీటీలు, అరచేతి మీద రాతలు, ఫోన్‌లో సగం పుస్తకంలో సగం, ఇవి వద్దు. రెండు చోట్ల రాసింది ఎక్కడా రాయనట్టే. ఫోన్ ఇష్టమైతే ఫోన్‌లోనే రాయండి, కానీ అన్నీ అక్కడే.

ప్రతి పనికీ ఒక వరస. అందులో అయిదు గళ్లు: ఏ రోజు చెప్పారు, ఎవరు చెప్పారు, ఏం చెయ్యాలి, వాళ్ల చివరి తేదీ ఏది, నా చివరి తేదీ ఏది. నా తేదీ వాళ్ల తేదీకి కనీసం ఒక వారం ముందుంటుంది. సర్వర్ పనిచెయ్యని రోజు, సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్న రోజు, కరెంటు లేని రోజు, అన్నీ ఆ వారంలోనే వస్తాయి.

నోటిమాటగా వచ్చిన పనిని అదే రోజు రాతలోకి మార్చాలి. వరండాలో నడుస్తూ "మాస్టారూ, ఆ నాక్ ఫైలు కాస్త చూడండి" అంటారు. అలాగేనండీ అని వచ్చేసి, సాయంత్రం ఒక మెసేజ్ పెడతాను: "నమస్తే సార్. ఇవాళ మీరు చెప్పిన ప్రకారం మూడో క్రైటీరియన్ ఫైలు నేను చూస్తున్నాను. శుక్రవారానికి ఇస్తాను. పాత నివేదికలు ఆఫీసు నుంచి ఇప్పించగలరు." ఇందులో పోట్లాట లేదు, వినయంగానే ఉంది. కానీ రేపు "నేను మొత్తం అయిదు ఫైళ్లూ చెప్పాను కదా" అని ఎవరూ అనలేరు. నోటిమాట నీటిమూట అని మనవాళ్లు ఊరికే అనలేదు.

పుస్తకం వెనక నుంచి ఇంకో జాబితా మొదలవుతుంది. దాని పేరు "అవతలివాళ్ల దగ్గర ఉన్నవి". నేను ఇచ్చేసిన బిల్లు, పంపిన లెటరు, అడిగిన సంతకం, ఏ రోజు ఇచ్చానో, ఎవరి టేబుల్ మీద ఉందో అందులో ఉంటాయి. చాలామంది తమ పనులు రాసుకుంటారు, ఎదుటివాళ్లు చెయ్యాల్సినవి రాసుకోరు. మన పనులు ఎక్కువగా ఆగేది అక్కడే. ఇన్‌వర్డ్ నంబరు అడిగి తీసుకోండి. జిరాక్స్ కాపీ మీద ముద్ర వేయించుకోండి. గుమాస్తా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

సాయంత్రం ఇంటికెళ్లే ముందు పది నిమిషాలు పుస్తకం తెరవాలి. అయినవి కొట్టెయ్యాలి. కానివి రేపటి పేజీలోకి ఎక్కించాలి. ఒకే పనిని మూడుసార్లు రేపటికి ఎక్కించామంటే అది చిన్న ముక్కలు కావాలి, లేదంటే ఇంకొకరి సాయం కావాలి.

పద్ధతి ఇంతే. దీనికి యాప్ అక్కర్లేదు, కోర్సు అక్కర్లేదు.

కానీ పనుల్లో రెండు రకాలున్నాయి. మొదటి రకం అరుస్తుంది. ప్రిన్సిపాల్ ఫోన్, కమిషనరేట్ నుంచి సర్క్యులర్, పరీక్షల విభాగం నుంచి మెయిల్. ఇవి మర్చిపోయినా వాళ్లే గుర్తుచేస్తారు. రెండో రకం నోరెత్తదు. చివరి బెంచీలో కూర్చునే అమ్మాయి స్కాలర్‌షిప్ రెన్యువల్ ఆగిపోయి ఉంటుంది. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు కాలేదనో, ఆదాయ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒక అక్షరం తేడా ఉందనో. ఆ పిల్ల అడగదు. మన పిల్లలకి అడగడం అలవాటు చెయ్యలేదు ఈ దేశం. గడువు దాటితే ఎవరూ నాకు మెమో ఇవ్వరు. ఆ పిల్ల మాత్రం హాల్ టికెట్ కోసం ఫీజు బాకీ దగ్గర నిలబడాల్సొస్తుంది, లేదా ఇంటికి వెళ్లిపోతుంది.

అందుకే నోరెత్తని పనులకి నేను ఎర్ర పెన్ను వాడతాను. సెమిస్టర్ మొదటి వారంలోనే స్కాలర్‌షిప్ పిల్లలందరి పేర్లూ ఎర్ర సిరాతో ఎక్కుతాయి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, బ్యాంకు ఖాతా, హాజరు, ఒక్కొక్కరికి నాలుగు టిక్కులు. నాలుగూ పడేదాకా ఆ పేజీ మూయను. ఈ పని మన ఎవరి వర్క్‌లోడ్‌లోనూ లేదు. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన అని ఉంది. రాత్రి పది గంటలకి "సార్, హాస్టల్‌లో సీటు లేదంటున్నారు" అని వచ్చే ఫోన్‌కి ఏ నిబంధనలోనూ గంటలు లేవు. ఆ ఫోన్ ఎవరికి వస్తుందో మనకి తెలుసు.

అది కూడా రాయండి. ఒక సెమిస్టర్ చివర నా పుస్తకం లెక్కపెట్టాను. క్లాసులు కాకుండా నాకు పడ్డ పనులు 63. వాటిలో రాతపూర్వకంగా ఉత్తర్వు వచ్చినవి 22. మిగతా 41 "మీరైతే బాగా చేస్తారు మాస్టారూ" అంటూ వచ్చినవి. ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ మీటింగ్‌లో కూర్చున్నాను. ఎవరినీ ఏమీ అనలేదు, సంఖ్యలు చదివాను. తర్వాతి సెమిస్టర్‌లో రెండు కమిటీలు వేరేవాళ్లకి వెళ్లాయి. పెద్ద విజయమేమీ కాదు. కానీ పుస్తకం లేకపోతే అది నా గొణుగుడుగా మిగిలిపోయేది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. "మనవాళ్లు రెండింతలు కష్టపడాలి, ఒక్క తప్పూ చెయ్యకూడదు" అనే ఉపదేశం నేను ఇవ్వడం లేదు. మనుషులు మర్చిపోతారు. మర్చిపోయే హక్కు మనకీ ఉంది. పుస్తకం మనల్ని మచ్చలేనివాళ్లని చెయ్యదు. మన మీద ఎంత బరువు పడిందో, ఎవరు వేశారో చూపిస్తుంది, అంతే.

ఇక ఉద్యమంలో ఉన్న మిత్రులకి. ఆఫీసులో తేదీ జారితే మెమో. ఉద్యమంలో జారితే కేసు పోతుంది.

సమాచార హక్కు దరఖాస్తుకి 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ గడువు ముగిసిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రెండో అప్పీలు. దరఖాస్తు పోస్టు చేసిన రోజే ఈ మూడు తేదీలూ పుస్తకంలో పడాలి. అట్రాసిటీ చట్టం కింద దర్యాప్తు పూర్తి చేసి 60 రోజుల్లో చార్జిషీటు వెయ్యాలి, ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకి ఒకసారైనా కూర్చోవాలి. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి అదే చట్టం సెక్షన్ 4 ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష రాసింది. అంటే కొన్ని మరపులు నేరమని చట్టమే ఒప్పుకుంది. కానీ 61వ రోజు వచ్చిందని ఎవరో ఒకరు లెక్కపెట్టి చెప్పాలి కదా. ఆ లెక్క పోలీస్ స్టేషన్ రాయదు. మనం రాయాలి.

చుండూరులో ఎనిమిది మందిని చంపింది 1991 ఆగస్టు 6న. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది 2007 జులై 31న. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. 16 ఏళ్లు అక్కడి ఆడవాళ్లు, మగవాళ్లు ఆ రోజుని గంటగంటకీ గుండెల్లో మోశారు. జ్ఞాపకం మీద అంత బరువు పెట్టడం అన్యాయం. మొదటి రోజే తేదీ, సమయం, పేరు, చోటు రాసిపెట్టే మనిషి ప్రతి పల్లెలో ఒకరుండాలి. ఆ మనిషివి నువ్వు ఎందుకు కాకూడదు?

బాబాసాహెబ్ జ్ఞాపకశక్తి గురించి కథలు కథలుగా చెప్పుకుంటాం. నాకు ఆయన పని పద్ధతి ఇంకా గొప్పగా కనిపిస్తుంది. రాజ్యాంగ ముసాయిదాకి వచ్చిన సవరణ ప్రతిపాదనలు సుమారు 7,635. సభలో ప్రవేశపెట్టినవి 2,473. ప్రతిదానికీ చేర్చాలా వద్దా అన్న నిర్ణయం ఉండాలి. 315 అధికరణాల ముసాయిదా 395 అధికరణాలై బయటికొచ్చింది. డ్రాఫ్టింగ్ కమిటీలో పని భారమంతా చివరికి డాక్టర్ అంబేద్కర్ మీదే పడిందని టి.టి. కృష్ణమాచారి సభలోనే చెప్పారు. 1949 నవంబర్ 25న ఆఖరి ప్రసంగంలో ఆయన మాత్రం బి.ఎన్. రావుకీ, ఎస్.ఎన్. ముఖర్జీకీ, అర్ధరాత్రి దాకా పనిచేసిన సిబ్బందికీ వరసనా కృతజ్ఞత చెప్పారు. అంత పెద్ద పని ఒక తలకాయలో నడవదు. కాగితం మీద, పది చేతుల్లో నడుస్తుంది.

కాబట్టి రేపు ఒక నోట్‌బుక్ కొనండి. మొదటి పేజీలో మీ పేరు రాయండి. రెండో పేజీలో మీకు రావాల్సినవి రాయండి, మీరు చెయ్యాల్సినవి మూడో పేజీ నుంచి. నిండిన పుస్తకాన్ని పాత పేపర్లలో వెయ్యకండి. మీ పిల్లలు అడుగుతారు, చూపించాలి.

వచ్చే భాగంలో అర్జీ రాయడం గురించి. అర్జీ అంటే అడుక్కోవడం అని మనకి ఎవరు నేర్పారో కూడా మాట్లాడుకుందాం.

జై భీమ్.