మూడు కాగితములు

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయునకు పాఠము చెప్పు పని తప్పునుగాని సలహా చెప్పు పని తప్పదు. ఏటేట పదవ తరగతి ఫలితములు వెలువడిన మరునాటినుండి మా యింటి అరుగుమీద పిల్లలును, వారి తల్లిదండ్రులును కూర్చుండి, "మాస్టారూ, తరువాత ఏం చదివించమంటారు?" అని అడుగుచుందురు. నేను సలహా చెప్పుటలో చాలకాలము తొందరపాటు చూపినవాడను. ఆ తొందరపాటువలన ఒక యింట చూడిగేదె అమ్ముడుపోయినది. ఒక పిల్లవాని బ్రతుకు దారి తప్పినది. ఆ సంగతి దాచుకొనదగినదే. కాని మీలోను రేపు దారి వెదకుకొనువారు ఉందురు గనుక చెప్పుచున్నాను.

2022వ సంవత్సరము వేసవి చివర, మా పల్నాటి గ్రామములో జీవాలు కాచుకొను కుటుంబమునకు చెందిన ఒక బాలిక తండ్రిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. తండ్రి గొంగళి భుజముమీద వేసికొని వాకిటనే నిలిచెను. ఎంత పిలిచినను అరుగెక్కలేదు. ఆ అమ్మాయి నాకు క్రొత్తది కాదు. నేను ఉద్యోగము విరమించిన యేడు ఆమె మా బడిలో ఆరవ తరగతి. ఆ సంవత్సరము తొలకరి వానలకు మొలచిన లేతపచ్చికను మేసి, వారి మందలో చిటుక రోగము సోకి, ఒక్క రాత్రిలో పదునొకండు గొఱ్ఱెలు చచ్చినవి. మరునాడు బడికి వచ్చి ఆమె ఏడ్వలేదు. "వానలకు ముందే టీకా వేయించి ఉంటే బ్రతికేవట గదా మాస్టారూ?" అని మాత్రము అడిగెను. ఆ ప్రశ్న ఆమెతోడనే పెరిగి పెద్దదైనది కాబోలు. ఇప్పుడు పశువైద్యశాలలో సహాయకురాలు కావలెనని వచ్చినది.

ఆమె చేతిలో మూడు కాగితములు ఉన్నవి. మొదటిది రంగురంగుల ప్రకటన: పట్టణములో ఒక ప్రైవేటు సంస్థ, ఆరు నెలల వెటర్నరీ అసిస్టెంటు కోర్సు, చదువు ముగియగానే ఉద్యోగము. రెండవది జూనియర్ కళాశాలలోని రెండేండ్ల వృత్తివిద్యా ఇంటర్మీడియట్ వివరము. మూడవది తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము క్రింద నడచు పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లలో రెండేండ్ల డిప్లొమా గూర్చినది.

"దగ్గరదీ, తొందరగా అయిపోయేదీ మేలు గదయ్యా?" అని తండ్రి వాకిటనుండి అడిగెను.

పూర్వమైనచో నేను వెంటనే ఔననియో కాదనియో చెప్పి పంపెడివాడనే. కాని ఆ రంగు కాగితమును చూడగానే నాకు మరియొక కాగితము జ్ఞప్తికి వచ్చినది.

2003వ సంవత్సరమున నాయొద్ద పదవ తరగతి చదివిన బాలుడొకడు ఉండెను. చదువులో సామాన్యుడు. పశువులనగా ప్రాణము. తొమ్మిదవ తరగతిలోనే, కాలు విరిగిన మేకపిల్లకు వెదురుబద్దలు కట్టి నడిపించినవాడు. వాడును ఇట్టి ప్రకటననే తెచ్చి నాకు చూపెను. నేను దానిని మొదటినుండి చివరవరకు చదివితిని. అందు ఒక్క అక్షరదోషమైనను లేదు. తెలుగు పండితునకు అంతకంటె నమ్మిక కలిగించునది వేరొకటి ఏమున్నది? "చేరుము నాయనా" అంటిని. వాని తండ్రి చూడిగేదెను అమ్మి రుసుము కట్టెను. ఆరు నెలలు వాడు ఒక మేడమీద గదిలో గోడకు వ్రేలాడు ఆవు పటమునుండి అవయవముల పేర్లు వల్లించి, సర్టిఫికెట్టు పుచ్చుకొని వచ్చెను. దానికి అద్దము కట్టించి గోడకు తగిలించిరి. ప్రభుత్వ ఉద్యోగము నేడు వచ్చును, రేపు వచ్చునని ఎదురుచూచుచు, ఊరిలో పశువులకు చిన్నచిన్న చికిత్సలు చేయుచుండెను.

2019లో గ్రామ సచివాలయములకు పశుసంవర్ధక సహాయకులు కావలెనని ప్రకటన వెలువడినది. ఏయే చదువులు చదివినవారు అర్హులో అందు వివరముగ ఉన్నది. పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నది. వృత్తివిద్యా ఇంటర్మీడియట్‌లోని కోర్సులు ఉన్నవి. ఆతడు ఆ కాగితమును నా చేతికిచ్చి, "నాకు కనబడటం లేదు మాస్టారూ, నా కోర్సు పేరు ఎక్కడుందో మీరొకసారి చూడండి" అనెను. అప్పటికి ఆతని వయస్సు ముప్పది దాటి ఒకటి రెండేండ్లు. కన్నులకేమి లోపము? నేను రెండుమారులు చదివితిని. లేదు. ఆతడు కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసికొని, నన్ను ఒక్క మాటయు అనక వెడలిపోయెను. అనియున్నచో నాకు కొంత తేలికగా ఉండెడిది.

అందుచేత ఈమారు నేను, "అమ్మా, నాకు వారము రోజులు గడువిమ్ము" అని చెప్పి ఆతనికి కబురు పంపితిని. ఇప్పుడాతడు పశువుల దాణా కొట్టు పెట్టుకొని జీవించుచున్నాడు. వచ్చునో రాడో అనుకొంటిని; వచ్చెను. "ఎక్కడ మోసపోవచ్చో నాకు తెలిసినంత మీకు తెలియదు మాస్టారూ, పదండి" అనెను.

మొదట మేము ముగ్గురము మండలములోని పశువైద్యశాలకు వెళ్లితిమి. అచటి పశువైద్యాధికారిణి చిన్న వయస్సుది. మాతో మాటలాడుటకు కూర్చుండినదో లేదో, ఒక రైతు పాడిగేదెను తోలుకొని వచ్చెను. కట్టు త్రెంచుకొని లేత అలసంద చేనిలో పడి మేసినదట. దాని ఎడమ డొక్క డోలువలె ఉబ్బినది. నోటితో ఊపిరి తీయుచున్నది. సహాయకుడు దానిని ముందుకాళ్లు మెట్టమీద ఉండునట్లు నిలిపి, మోర పట్టుకొనెను. పశువైద్యురాలు నోటిగుండ పొట్టలోనికి రబ్బరు గొట్టము దింపి నూనె పోయించుచు, "తల మరీ ఎత్తవద్దు, గొట్టం సరిగా దిగకపోతే నూనె ఊపిరితిత్తులలోకి పోతుంది" అని హెచ్చరించుచుండెను. కొంతసేపటికి గేదె పెద్దగా త్రేన్చినది. డొక్క మెల్లగా దిగినది. రైతు ముఖమునకు ప్రాణము వచ్చినది.

నేను సంతోషముతో ప్రక్కకు తిరిగి చూడగా, నా పూర్వ విద్యార్థి గోడనానుకొని నేలచూపులు చూచుచుండెను. బయటికి వచ్చిన పిదప చెప్పినాడు: "ఎనిమిదేళ్ళ క్రితం ఇలాగే ఉబ్బిన ఆవుకు నేను వెదురుగొట్టంతో నూనె పోశాను మాస్టారూ. తల బాగా ఎత్తిపట్టి పోశాను. ఉబ్బరం తగ్గింది. మూడో రోజుకు దగ్గి దగ్గి చచ్చిపోయింది. ఎందుకు చచ్చిపోయిందో నాకు ఈ రోజు తెలిసింది."

ఆ మేడమీద గదిలో ఆవు పటము ఉండెను. కాని దానికి ఊపిరి లేదు. గేదె అమ్మిన ధనము పోయినదనియే నేను ఇన్నాళ్లు చింతించుచుంటిని. అంతకంటె పెద్ద నష్టమొకటి కలదని నాకు ఆ పశువైద్యశాల వాకిట తెలిసినది.

పశువైద్యురాలు తీరికచేసికొని మాకు విషయము బోధపరచెను. పశువైద్యుడు వేరు, సహాయకుడు వేరు. వైద్యుడు కావలెనన్న ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము చదివి, ప్రవేశపరీక్షలో నెగ్గి, మరి అయిదున్నర సంవత్సరములు చదువవలెను. భారత పశువైద్య మండలి చట్టము 1984లో వచ్చినది. ఆ చట్టము ప్రకారము వైద్యము చేయు అధికారము నమోదైన పశువైద్యునిదే. డిప్లొమా గాని, తగిన సర్టిఫికెట్టు గాని గలవారు, ప్రభుత్వము అనుమతించినచో, వైద్యుని పర్యవేక్షణలో టీకాలు వేయుట, గాయములకు కట్టు కట్టుట మొదలైన చిన్న సేవలు చేయవచ్చును. "చిన్న సేవలు అన్నది చట్టంలో మాట. వాటిని చేసే మనిషి లేకపోతే నా చదువు ఈ గదిలోనే ఉండిపోతుంది" అని ఆమె నవ్వెను. గాలికుంటు టీకా ఉదయము మంద బయలుదేరకముందే వేయవలెను. మందును రెండు మొదలు ఎనిమిది డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనములో ఉంచి ఊరూర మోయవలెను. ఆ పెట్టెను ఎండలో మరచినచో టీకా నీటితో సమానము. మన దేశములో లక్షలాది పశువులను బలిగొన్న ముసర వ్యాధి, అనగా రిండర్‌పెస్టు, 2011లో ప్రపంచమునుండియే తొలగిపోయినదని ప్రకటింపబడినది. దొడ్డిదొడ్డికి తిరిగి టీకాలు వేసినవారి పేర్లు ఏ గ్రంథములోను ఉండవు.

మరునాడు పట్టణములోని ఆ సంస్థకు పోతిమి. కుర్చీలు బాగున్నవి. చల్లని గాలి యంత్రము ఉన్నది. అచటి ఉద్యోగి మాకు మంచినీళ్లిచ్చి చాల మర్యాదగా మాటలాడెను. నేను అడుగదలచిన ప్రశ్నలు కాగితముమీద వ్రాసికొనిపోతిని; అవి తెరువకముందే నా శిష్యుడు, "పశువులు ఎక్కడున్నాయండీ?" అని అడిగెను. త్వరలో తెప్పింతుమని జవాబు. "పేడ ఎత్తడం ఏ నెలలో నేర్పుతారు?" అని మరల అడిగెను. ఆ ఉద్యోగి నవ్వెను గాని మావాడు నవ్వలేదు. ఈ సర్టిఫికెట్టును ఏ విశ్వవిద్యాలయము, ఏ బోర్డు గుర్తించినదని నేనడిగితిని. ఆయన అద్దాల బల్లమీద పుస్తకములు సర్దుకొనెను. ఇంటిలో నాలుగు పశువులు గలవారు శుభ్రత, మేత నేర్చుకొనుటకు కొలదిదినముల శిక్షణ పొందుట మంచిదే. దానిని నేను నిందింపను. కాని దానిని బ్రతుకుతెరువని చెప్పి అమ్ముట వేరు మాట.

జూనియర్ కళాశాలలో వృత్తివిద్య తీసిపారవేయదగినది కాదు. పిల్లలను అభ్యాసమునకై పశువైద్యశాలకు పంపుచున్నారు. చదివినవారికి ఇంటర్మీడియట్ చదువును చేతికి వచ్చును. పాలిటెక్నిక్‌లో సీటు రానిచో ఇచటనే చేరవలెనని నిశ్చయించుకొంటిమి. పాలిటెక్నిక్ మాత్రము మా ఊరికి చాల దూరము. బస్సు దిగి లోపలికి పోవుచుండగా ముందు పశువుల కొట్టము, తరువాత తరగతి గది కనబడినవి. ఆ క్రమము నాకు నచ్చినది. కొట్టములో నలుగురు విద్యార్థులు ఒక ఒంగోలు గిత్తను ఇనుపకమ్ముల చట్రములోనికి ఎక్కించుటకు తంటాలు పడుచుండిరి. గిత్తకు ఇష్టము లేదు. మా అమ్మాయి, ఎవరును పిలువకుండగనే, దాని ముందునుండి తొలగి ప్రక్కగా నిలిచి, మెడక్రింద గంగడోలు నిమిరెను. గిత్త రెండడుగులు వేసినది. అచటి అధ్యాపకుడు, "ఎవరి అమ్మాయండీ?" అని నన్ను అడిగెను.

ఇంక తండ్రిని ఒప్పించుట మిగిలినది. అది వారము కాదు, నెల పట్టినది. ఆడపిల్ల వసతిగృహములో ఉండవలె. రెండేండ్లు మందకు ఒక మనిషి తక్కువ. పిచ్చికుక్క కరచునేమో, గిత్త పొడుచునేమో. ఆయన భయములలో ఒక్కటియు అసత్యము కాదు. కుక్కలతో పనిచేయువారు ముందుగనే రేబిస్ టీకాలు వేయించుకొందురనియు, ఈచుకుపోయిన దూడను వట్టిచేతులతో ముట్టరాదని మొదటనే నేర్పుదురనియు నేను చెప్పితిని. ఆయన వినుచుండెను గాని తల ఊపలేదు. చివరకు ఆయనను ఒప్పించినది నేను కాదు. నా శిష్యుడు ఒక సాయంకాలము ఆయనతోకూడ మంద వెంట నడచి, తన ఆవు కథ చెప్పెనట. మరునాడు ఆ తండ్రి మొదటిసారి మా అరుగెక్కి కూర్చుండెను.

అమ్మాయికి సీటు వచ్చినది. చేరిన రెండవ నెలలో నాకొక ఉత్తరము వ్రాసెను. "ముప్పది అడుగుల తాడును మెడకు, రొమ్ముకు, డొక్కకు చుట్టి వెనుకకు లాగితే గిత్త తనంత తానే పడుకొంటుందట. నేను లాగితే గిత్త నిలబడే ఉంది, నేనే పడినాను. పశువును కట్టేటపుడు బిగిముడి వేసినందుకు చీవాట్లు తిన్నాను. పశువు బెదిరితే ఒక్క లాగుకు ఊడివచ్చే ముడి వేయాలి. అది ఇంకా సరిగా రాలేదు" అని వ్రాసినది. అక్షరదోషములు నాలుగు ఉన్నవి, దిద్దలేదు.

ఆ ఉత్తరమును తీసికొని దాణా కొట్టునకు పోతిని. ఆతడు తవుడు తూచుచున్న చేతులు దులుపుకొని, మూడుమారులు చదివెను. పిదప గోనెసంచి కట్టిన పురికొస విప్పి, నిలువు గుంజకు ముడివేయుటకు ప్రయత్నించెను. రాలేదు.

"మాస్టారూ, ఆ ముడి ఎలా వేస్తారో బొమ్మ గీసి పంపమనండి" అనెను.

ఆ రాత్రియే వ్రాసితిని. జాబు ఇంకను రాలేదు. ఆమెకు పరీక్షలు కాబోలు.