ఒక్కరు మోసుకపోయే పుట్టి

మన గోడ పత్రికలో ఇప్పపువ్వు గురించి, తేనె గురించి రాసిన్రు. చేపలకు పోయే పడవ గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. దసరా సెలవుల్లో మా ఇంట్లో రోజూ అదే ముచ్చట నడిచింది. అందుకే నేను రాస్తున్నాను.

మా పెంట నల్లమలలో, శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లకు పైన ఉంటుంది. పోయిన ఏడాది దాకా నాయన, బాబాయి కలిసి చెక్క పడవ మీద పోయేవాళ్లు. ఒకరు తెడ్డు వేస్తే ఒకరు వల లాగేవాళ్లు. బాబాయి పిల్లలను తీసుకొని హైదరాబాద్‌కు పనికి పోయిండు. ఆ పడవను నీళ్లలోకి తొయ్యాలన్నా, ఒడ్డు మీదికి లాగాలన్నా ఒక్కడితో కాదు. నాయన రెండు నెలలు ఒడ్డు మీదనే కూర్చొని గాలం వేసిండు. ఒడ్డున చిన్న జెల్లలు, జిలేబీలు తప్ప ఏం పడతయి? బొచ్చెలు, రవ్వలు లోపల ఉంటయి.

అప్పుడే ఒక మేస్త్రి వచ్చి, అడ్వాన్సు ఇస్తా, మొగుడూ పెళ్లాం ఇద్దరూ కాలువ పనికి రండి అన్నడు. ఇద్దరూ పోతే తాతను, తమ్ముణ్ని ఎవరు చూస్తరు? ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరూ నా దిక్కు చూసిన్రు. నేను పళ్లెం కడిగే పని పెట్టుకొని బయటికి పోయిన.

నాయన దగ్గర తేనె, జిగురు అమ్మిన పైసలు ఉన్నయి. అవి ఒక్క పడవకే సరిపోతయి. కొన్నది పనికి రాకపోతే ఇంకొకటి కొనుడు ఉండదు. కాబట్టి ఏది కొనాలె అని రోజూ రాత్రి పొయ్యి దగ్గర మాట్లాడుకునేవాళ్లం.

మొదటి సంగతి మోసుడు. పడవ అంటే నీళ్ల మీద పోయేది కదా, మోసుడు ఏంది అని మీరు అనుకుంటారు. మా దగ్గర నీళ్లు ఒక్క చోట ఉండవు. శ్రీశైలం డ్యామ్ నిండితే నీటి మట్టం 885 అడుగులు. ఎండాకాలం 850 కంటే కిందికి కూడా దిగుతుంది. 35 అడుగులు అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. నేల ఏటవాలుగా ఉన్న చోట నీళ్లు అంత దిగితే ఒడ్డు ఎంతో దూరం జరుగుతుంది. మధ్యలో అంతా బురద, పగుళ్లు, మునిగిపోయిన చెట్ల మోడులు. సంగమేశ్వరం గుడి వానాకాలం మునిగి ఎండాకాలం తేలేది కూడా ఇందుకే. నీళ్లు ఎటు పోతే పడవ అటు పోవాలె. సాయంత్రం మళ్లీ పైకి తెచ్చుకోవాలె. ఒడ్డునే వదిలితే గాలికి కొట్టుకపోతుంది, లేకపోతే దొంగలు పోతారు దాంతో.

అన్నిటికన్నా తక్కువ పైసలకు వచ్చేది లారీ ట్యూబు. మైదానం చెరువుల్లో చాలామంది దాని మీదనే కూర్చొని వల వేస్తారు. చంకలో పెట్టుకొని పోవచ్చు. కాని కాళ్లు రెండూ నీళ్లలోనే ఉంటయి. చెరువులో అయితే సరే. కృష్ణలో మొసళ్లు ఉన్నయి. అమ్మ ట్యూబు పేరు ఎత్తనియ్యలేదు. థర్మకోల్ ముక్కలను సంచిలో కుట్టి తెప్ప చేసుకునేవాళ్లు కూడా ఉన్నరు. అదీ తేలికే. కాని మోడుకు రాసుకుంటే పొడి పొడి రాలి నీళ్ల నిండా తెల్లగా తేలుతుంది. చూస్తేనే నాకు నచ్చదు. గాలి వచ్చిందంటే అది మన మాట వినదు.

మా పెంటలో ఒక అన్న ఫోన్‌లో గాలి నింపే రబ్బరు పడవ చూపించిండు. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, పంపుతో గాలి కొట్టవచ్చు. తమ్ముడు అదే కావాలని ఏడ్చిండు. నాయన ఒక్కటే అడిగిండు: "తుమ్మ ముల్లు గుచ్చితే?" మా ఒడ్డంతా ముళ్లే, నీళ్ల కింద మోడులే. పైగా గాలపు ముల్లు, చేప రెక్క ముల్లు పడవలోనే ఉంటయి. అన్న ఫోన్ జేబులో పెట్టుకున్నడు.

చెట్టు మొద్దు తొలిచిన దోనె ఇంకో తీరు. దాని మీద ఒక్కడు పోవచ్చు గాని మొయ్యలేడు. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో చెట్టు కొట్టి దోనె చేస్తానంటే ఎవరు ఊరుకుంటారు, అది వేరే సంగతి. ఫైబర్ పుట్టి మంచిదే. నీళ్లు తాగదు, తారు పూసే పని లేదు. ధర విని నాయన నవ్విండు. మళ్లీ దాని గురించి మాట్లాడలేదు.

ఇక మిగిలింది వెదురు పుట్టి. చూడనివాళ్ల కోసం చెప్తున్న. పెద్ద గంపను ఊహించుకోండి. వెదురు బద్దలను అడ్డం, నిలువు అల్లి, అంచుకు కట్టుదిట్టంగా వెదురు చుట్ట చుడతారు. ఎనకట బయట తోలు కప్పేవాళ్లట. ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల పట్ట కప్పి దాని మీద తారు కాచి పూస్తారు. దీనికి ముందు, వెనక అని ఉండదు. పుస్తకాల్లో అరిగోలు అని కూడా రాస్తారు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆయన తుంగభద్ర మీద ఇట్లాంటి గుండ్రటి పడవలు చూసి రాసిండని మన సోషల్ సారు చెప్పిండు. లోపల పేము, బయట తోలు, మనుషులనే కాదు గుర్రాలను, ఎద్దులను కూడా దాటించేవాళ్లట. ఆ తుంగభద్ర నీళ్లే మా దగ్గరికి వస్తయి. అది విన్న రోజు నాకు చాలా సంతోషం అయింది. మా ఇంటి సామాను చరిత్ర పుస్తకంలో ఉన్నట్లు అనిపించింది.

పుట్టి అని తేలింది గాని ఎంత పెద్దది అన్న దగ్గర కొట్లాట మొదలైంది. పుట్టి అల్లే తాత నది ఒడ్డు ఊళ్లో ఉంటాడు. ఆయన దగ్గర నాలుగు అడుగులది, అయిదు అడుగులది, ఆరు అడుగులది మూడు ఉన్నయి. నాయన నాలుగు అడుగులదే చాలన్నడు, తేలిక కాబట్టి. అమ్మ ఆరు అడుగులది కావాలన్నది, పెద్దదైతే మునగదని.

నాకు తేలియాడే వస్తువుల పాఠం గుర్తొచ్చింది. పుట్టి ఎంత నీటిని పక్కకు నెడితే అంత బరువు మోస్తుంది. బొగ్గుతో బండ మీద లెక్క వేసిన. నాలుగు అడుగులంటే సుమారు 120 సెంటీమీటర్లు, వ్యాసార్థం 60. అడుగు వైశాల్యం 11,304 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్క సెంటీమీటరు మునిగితే 11 లీటర్ల నీళ్లు పక్కకు పోతయి, 11 కిలోలు మోస్తుంది. అయిదు అడుగులదైతే సెంటీమీటరుకు 17 కిలోలకు పైన. ఆరు అడుగులదైతే 25 కిలోలు. నాయన బరువు 52. వల, తెడ్డు కలిపి 10 అనుకున్నం. చేపలు 15 అనుకున్నం (అమ్మ 30 రాయమన్నది). పుట్టి బరువు కూడా కలపాలె. డిపో కాంటా మీద పెట్టి చూస్తే చిన్నది 15 కిలోలు, నడిమిది 23, పెద్దది 35 ఉన్నది.

మొత్తం లెక్క చేస్తే చిన్నది 8 సెంటీమీటర్లు మునుగుతుంది, నడిమిది 6 కంటే తక్కువ, పెద్దది 5 కంటే తక్కువ. పుట్టి అడుగు బండలాగ చదునుగా ఉండదు, కొంచెం గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే మునుగుతుంది. అయినా అంచు మూరెడు ఎత్తు ఉన్నది. "చూసినవా, చిన్నది కూడా మునగదు" అని నాయన గెలిచినట్లు చూసిండు.

అప్పుడు పుట్టి అల్లే తాత బీడీ పక్కన పెట్టి, "బిడ్డా, నీ లెక్క మంచిదే. మనిషి నడిమిట్ల కదలకుండ కూసుంటే అంతే. వల లాగేటప్పుడు నడిమిట్ల కూసుంటడా?" అన్నడు. నాయనను చిన్న పుట్టిలో కూర్చోబెట్టి మోకాలి లోతు నీళ్లలోకి తోసిండు. ఒక తాడుకు రాయి కట్టి నీళ్లలో వేసి, అంచు మీదికి వంగి లాగు అన్నడు. నాయన వంగంగనే పుట్టి ఆ పక్కకు వొరిగింది. అంచుకు, నీళ్లకు నాలుగు వేళ్ల సందు మిగిలింది. అమ్మ ఒడ్డు మీద నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. అయిదు అడుగుల దాంట్లో అట్లనే చేస్తే జానెడు సందు ఉన్నది. మునుగుడు వేరు, బోర్లా పడుడు వేరు అని నాకు అప్పుడు అర్థం అయింది. బరువును వైశాల్యం మోస్తుంది. వొరగకుండ ఆపేది వెడల్పు. సైన్స్ సారును ఇది బోర్డు మీద బొమ్మ వేసి చెప్పమని అడుగుదామని అనుకుంటున్న.

ఆరు అడుగులది ఇంకా నిలకడగా ఉంటుంది, నిజమే. నాయన దాన్ని నెత్తికి ఎత్తుకొని గట్టు సగం ఎక్కి దించిండు. 35 కిలోలు, పైగా గాలి తగిలితే మనిషినే తిప్పుతుంది. రోజూ రెండుసార్లు అంటే కాదు. అయిదు అడుగులది బోర్లించి వీపు మీద వేసుకుంటే తాబేలులాగ నడిచిపోవచ్చు. వాన వస్తే గొడుగు అయితది.

అమ్మ అప్పుడు కూడా సరే అనలేదు. రెండు షరతులు పెట్టింది. ఒకటి, నిలబడి విసురు వల వెయ్యద్దు, కూర్చొని కట్టు వల, గాలమే వెయ్యాలె. రెండు, మూత గట్టిగా బిగించిన 5 లీటర్ల నూనె డబ్బాలు రెండు నడుముకు కట్టుకోవాలె. ఒక్కొక్క డబ్బా సుమారు 5 కిలోల బరువును తేల్చి పట్టుకుంటుంది. నీళ్లలో మనిషి ఒళ్లు చాలావరకు తానే తేలుతుంది కాబట్టి తల పైన ఉండటానికి ఆ సాయం చాలు. ఇది కూడా నేనే చెప్పిన. నాయనకు డబ్బాలు కట్టుకోవాలంటే సిగ్గు. నది మీద మిగతావాళ్లు నవ్వుతారంటడు. మా పెంట నుంచి ఒకాయన ఈత బాగా వచ్చి కూడా నీళ్ల నుంచి తిరిగి రాలేదు. అమ్మ ఆయన పేరు చెప్పింది. నాయన మాట్లాడకుండ డబ్బాలు అందుకున్నడు.

పుట్టిని నడుపుడు చెక్క పడవలాగ కాదు. పక్కన తెడ్డు వేస్తే ఉన్న చోటనే గిర్రున తిరుగుతుంది. ముందుకు కూర్చొని, తెడ్డును ఎదురుగా నీళ్లలో ముంచి ఎనిమిది అంకె రాసినట్లు అటు ఇటు తిప్పుతూ తన దిక్కు లాక్కోవాలె. నాయనకు మూడు రోజులు పట్టింది. మొదటి రోజు ఎంత తిరిగిండంటే తమ్ముడు నవ్వి నవ్వి బురదలో పడ్డడు. అడుగున గట్టు లేదు కాబట్టి గాలికి పక్కకు జరుగుతుంది. అందుకే తెల్లారకముందే పోయి, ఎండ ముదిరి గాలి లేచేలోపల ఒడ్డుకు రావాలె. ఎండలో పెడితే తారు మెత్తబడి అంటుకుంటుంది, చెట్టు నీడకు బోర్లించాలె.

నేను హాస్టల్‌కు వచ్చే ముందు రోజు నాయన నాలుగు రవ్వలు, ఒక బొచ్చె తెచ్చిండు. మేస్త్రి మళ్లీ వచ్చి పోయిండట. అడ్వాన్సు తీసుకోలేదు.

వానలు పోయినంక పుట్టికి ఇంకోసారి తారు పూయాలె. పట్ట చినిగితే మాసిక వెయ్యాలె. మీ ఇళ్ల దగ్గర రోడ్డు పని చేసినప్పుడు మిగిలిన తారు డబ్బా గాని, చినగని యూరియా సంచులు గాని ఉంటే సంక్రాంతి సెలవుల లోపల నాకు చెప్పండి. సంచులు నేనే ఉతుక్కుంటాను.

- తొమ్మిదో తరగతి, బాలికల హాస్టల్